మామగారి మేడ మీద గ్రహణం

సూర్యుడికి గ్రహణం పడితే కాసేపట్లో విడుస్తుంది. నాకు పట్టింది మాత్రం ఇప్పటికీ విడవలేదు. అదెలా పట్టిందో చెబుతాను. ముందు మీరు భోజనం చేసి రండి. ఇది ఖాళీ కడుపుతో వినదగ్గ సంగతి కాదు, అనుభవించినవాణ్ణి చెబుతున్నాను.

పెళ్ళయిన తొలి దీపావళికి పలాసలో అత్తారింటికి వెళ్ళాను. మామగారిది జీడిపిక్కల వ్యాపారం. ఆ ఇంట్లో కూరల్లో ఉప్పు పడటం మరిచిపోతారేమో గానీ జీడిపప్పు పడటం మరిచిపోరు. పండగనాడు అమావాస్య, లక్ష్మీపూజ, నీచు వండరు. అందుకని కొత్త అల్లుడికి అసలు మర్యాద మర్నాడు రాత్రికన్నారు. నాటుకోడి, జీడిపప్పు ముద్ద, మినపగారెలు. మా అత్తగారి కోడికూర గురించి నా భార్య హైమ పెళ్ళిచూపుల్లోనే చెప్పింది. నిజం చెప్పొద్దూ, నేను ఈ సంబంధానికి ఒప్పుకోవడంలో ఆ కూరకీ కొంత వాటా ఉంది.

సరిగ్గా ఆ మర్నాడే, అమావాస్య ఘడియలు ఇంకా పూర్తిగా వెళ్ళకముందే, సూర్యగ్రహణం వచ్చిపడింది. అదీ పొద్దుగూకే ముందు. సూర్యుడు గ్రహణంతోనే పడమటి కొండల వెనక్కి దిగిపోతాడట. దాంతో పంతులుగారు ఒక మెలిక పెట్టారు. మామూలు గ్రహణమైతే విడిచాక స్నానం చేసి వండుకు తినొచ్చు. ఇది విడవడం మన కంటికి కనబడదు గనక, మర్నాడు మంచి సూర్యుణ్ణి చూసేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, నోట్లో ముద్ద పెట్టకూడదు. అయితే ఒక వెసులుబాటు ఉంది. మబ్బుపట్టి మన ఇంటి నుంచి అసలు గ్రహణమే కనబడకపోతే ఏ పట్టింపూ లేదు. ఈ వెసులుబాటు పంతులుగారు చెప్పారో, మామగారు చెప్పించారో నాకు తెలియదు.

మధ్యాహ్నం నుంచీ ఆకాశమంతా మబ్బు. ఇంటిల్లిపాదికీ మొహాలు వెలిగిపోతున్నాయి. నాకొక్కడికే దిగులు. ఎందుకంటే నేను టెక్కలి కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. అత్తారికి గ్రహణం చూపిద్దామని వెల్డింగు షాపులో బతిమాలి నల్ల అద్దం ఒకటి తెచ్చుకున్నాను. కొత్త అల్లుడి తెలివి బయటపడటానికి ఇంతకంటే మంచి అదను దొరకదు కదా. కోడికూరకి చోటు ఉండాలని మధ్యాహ్నం భోజనం కూడా మానేసి, అద్దం పట్టుకుని మేడెక్కాను.

కాసేపటికి మెట్ల మీంచి అత్తగారి తల కనిపించింది.

"బాబూ, మబ్బేసీసింది కదా, పైనేటి సేత్తన్నారు? కిందకొచ్చి కూకోండి."

"మబ్బు కదులుతోంది అత్తయ్యగారూ. కాస్త ఓపిక పట్టాలి."

"అది కదిల్తే కదల్నీండి. మీరు కదిలి వచ్చీయండి."

నేను కదల్లేదు. ఈసారి బామ్మర్ది రమేషు వచ్చాడు. "బావా, అమ్మ మసాలా ఆడిస్తంది. దిగిపో బావా."

"మసాలా ఎక్కడికీ పోదోయ్. గ్రహణం మళ్ళీ దొరకదు."

"దొరక్కపోతే పీడా పోయింది. నువ్వు సూడకు. సూసినా మాకు సెప్పకు."

ఇంతకంటే విప్పి చెప్పడం మనిషన్నవాడికి సాధ్యమా? ఆ మాట నా చెవిలో పడింది గానీ బుర్రలో పడలేదు. చివరికి మామగారే పైకి వచ్చారు. వచ్చి, పడమటికి వీపు పెట్టి నిలబడ్డారు.

"అల్లుడుగారూ, నేనటుకేసి సూడ్డం నేదు. మీరూ సూడకండి. సూడ్డానికి ఇంకా మూడు దిక్కులున్నాయి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ రోజు మబ్బు వరమిచ్చింది, అల్లుడివ్వలేదు. సరిగ్గా కొండల మీద మబ్బు చిరిగింది. అద్దంలోంచి చూస్తే సూర్యుడు, అంచున చిన్నపిల్లాడు కొరికిన అరిసెలా ఉన్నాడు. "కనబడింది మావయ్యగారూ" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచాను. అంతటితో ఆగానా? మామగారి భుజాలు పట్టుకుని ఇటు తిప్పి, అద్దం ఆయన కళ్ళకి అడ్డంపెట్టి, "అదిగో, కింద కుడివైపు చూడండి" అన్నాను. పాపం, చూడక ఏం చేస్తారు.

"అగుపడ్డాదే" అన్నారు ఆయన మెట్లకేసి, ఎవరో పోయారన్న కబురు చెబుతున్నట్టు. కింద మిక్సీ ఆగిపోయింది. అల్లుడి నోట్లో శని అన్న మాట ఊరికే పుట్టలేదని నాకు అప్పుడు తెలిసింది.

మామగారు నావంక అనుమానంగా చూసి, "మీ ఇంటికాడ ఈ పట్టింపులు గట్టిగా పాటిత్తారా బాబూ?" అని అడిగారు.

మా అమ్మ గ్రహణం పట్టినప్పుడు దోసెలు పోస్తుంది. ఆ మాట చెప్పి ఉంటే ఈ కథే లేదు. కానీ వీళ్ళు ఇంత ఆచారపరులు, నన్ను తేలిగ్గా చూస్తారేమోనని భయం వేసింది. "నియమమంటే నియమమే కదండీ. ఒక్క పూట కడుపు మాడితే ఏమవుతుంది?" అన్నాను. మామగారు పెద్ద నిట్టూర్పు విడిచి దిగిపోయారు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఇక చీకటి పడ్డాక నా పాట్లు వినండి. ఆకలి రుచెరుగదంటారు. అబద్ధం. నా ఆకలికి తినని కోడికూర రుచంతా తెలుస్తోంది. మంచినీళ్ళు కూడా తాగకూడదట. హాల్లో కుర్చీలో కూర్చుంటే, ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కళ్ళే పక్క వీధిలో ఉన్న చిన్నమావయ్య ఇంటికి వెళ్ళి వస్తున్నారు. ముందు మామగారు, తరవాత రమేషు, ఆ తరవాత అత్తగారూ హైమా. వెళ్ళేటప్పుడు వాడిపోయి, వచ్చేటప్పుడు ప్రశాంతంగా ఉన్నారు. ఆయనకేదో సుస్తీ చేసిందనుకున్నాను.

"మీ తమ్ముడుగారికి ఎలా ఉందండీ?"

"బావున్నాడు బాబూ. సాలా బావున్నాడు" అని మామగారు తేన్చారు.

ఖాళీ కడుపుకీ తేన్పులొస్తాయని నాలోని శాస్త్రజ్ఞుడు సర్దిచెప్పాడు. "నేనూ ఓసారి వెళ్ళి పలకరించి రానా?" అన్నాను.

నలుగురూ ఒక్కసారే, "వద్దు వద్దు, మీరు నీరసంగా ఉన్నారు, పడుకోండి" అన్నారు. ఆ ఆప్యాయతకి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నావల్ల ఈ ముసలాళ్ళు కూడా పస్తుంటున్నారు కదా అని, నిజంగానే దిండులో మొహం దాచుకుని ఏడ్చాను.

తెల్లారింది. సూర్యుడు మాత్రం రాలేదు, మళ్ళీ మబ్బు. నేను పిట్టగోడ పట్టుకు వేలాడుతుంటే మిగతావాళ్ళు చలాకీగా తిరుగుతున్నారు. ఎంతో సేపటికి సూర్యుడు దయతలిచాడు. ప్లేట్లో ఇడ్లీ పెడుతున్న హైమని మెల్లగా అడిగాను. "మరి కోడికూర ఇవాళేనా?"

తను నేల చూపులు చూసింది. "కోడేదీ? రాత్రే చిన్నాన్న వాళ్ళింట్లో వండీసినారు."

"గ్రహణం కదా?"

"వాళ్ళది పెంకుటిల్లు. చుట్టూ కొబ్బరిచెట్లు. వాళ్ళకి అగుపడనేదు."

"అందరూ తిన్నారా?"

"ఆఁ."

"మరి నన్ను పిలవలేదేం?"

"పిలుద్దామనే అన్నాను. నాన్న ఒప్పుకోనేదు. 'అంత నిష్ఠగల మనిషికి మనం తింటన్నామని తెలిస్తే ఇంక మన పరువేటుంతాది' అన్నారు. పాపం, భయంభయంగానే తిన్నారండీ."

ఆ నిష్ఠే నాకు పట్టిన గ్రహణం. అప్పటినుంచీ నేను పలాసలో అడుగుపెడితే చాలు, అత్తగారు పంచాంగం తీస్తారు. ఏకాదశి అయితే నాకు పాలూ అరటిపండూ. శనివారమైతే ఒంటిపూట. మిగతావాళ్ళకి చిన్నమావయ్య ఇల్లుంది.

అందుచేత నా ఖాళీ కడుపు మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఆకాశంలో ఏం జరిగినా, సూర్యుడు రెండు ముక్కలై వచ్చి మా మామగారి మేడ మీదే పడినా సరే, నాకేమీ కనబడలేదనే చెబుతాను. చేతులు కడుక్కుని, ముందు వడ్డించమంటాను.