సిరాతో గీసిన ఆకు

బర్మాలో యాంగాన్ నుంచి నది దాటి దలా వెళ్లే ఫెర్రీలో, నా పక్కన కూర్చున్న విదేశీ ఆవిడ తెల్లగుడ్డ మీద ఎర్రపూలు కుడుతోంది. వాళ్ల నాయనమ్మ హంగేరీ నుంచి వలసపోతూ పట్టుకెళ్లిన గుడ్డట. పువ్వులూ ఆకులూ సిరాతో గీసుకుని, కుట్టకుండానే పోయిందట ఆ ముసలమ్మ.

"మీవాళ్లెక్కడి నుంచి వచ్చారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

మా తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి రేవులో కూలికి వచ్చాడని చెప్పాను. వెంటనే గుడ్డ నా ఒళ్లో పరిచి, ఒక ఆకు చూపించి, సూది చేతికిచ్చింది. వలసవచ్చిన వాళ్ల చేత తలా ఒక ఆకు కుట్టిస్తోందట. ఎవరి ఇంట్లో నేర్చిన కుట్టు వాళ్లు వేయాలట.

"మాకలాంటి పనులేం లేవు. నాకు రాదు," అని సూది తిరిగిచ్చేశాను.

ఆవిడ బలవంతపెట్టలేదు. నాకిచ్చిన ఆకుని వేలితో ఒకసారి తడిమి, గుడ్డ మడిచేసింది. రేవు రాగానే జనంలో కలిసిపోయింది.

ఇంటికెళ్లేసరికి అమ్మ పాత లుంగీలు పరుచుకుని బొంత కుడుతోంది. జరిగింది చెప్పాను.

"రాదన్నావేటే? మరి చిన్నప్పట్నుంచి ఈ బొంతలు నాతో ఎవులు కుట్టారే?"

అమ్మ ఎదురుగా కూర్చుని, ఎప్పట్లాగే నా వైపు కొస కుట్టాను. ఆ ఆకుని ఈపాటికి ఇంకెవరో కుట్టేసుంటారు.