నాయన పేరు పెట్టిన గుంత

వానకు తడిసిన పలకరాయి వాసన వస్తే, ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను.

మద్రాసు రాజధాని రోజుల్లో నాయన మార్కాపురం పలకల గనిలో రాయి కొట్టేవాడు. నాకు పదేళ్ళు. దక్షిణ ధ్రువ ప్రాంతంలో మంచుకొండలకు, అఖాతాలకు ఓడలవాళ్ళు తమ రాజుల పేర్లు, స్నేహితుల పేర్లు పెట్టారని గ్రంథాలయంలో చదివాను. నాయనేం తక్కువ? ఆ మధ్యాహ్నమే గనికి పరుగెత్తి, ఆయన దిగి తవ్వుతున్న కొత్త గుంత అంచున, బండ మీద బలపంతో 'నరసయ్య గుంత' అని పెద్దగా రాశాను.

సద్ది తెచ్చిన అమ్మ, "ఏంది రాసినావే?" అంది. గర్వంగా చదివి వినిపించాను. ఆమె ముఖం పాలిపోయింది.

"ఓబులు గుంత, ఈరమ్మ గుంత అని ఎందుకంటారో తెలీదా? ఆడ రాయి పడి సచ్చినోళ్ళే వాళ్ళు!" అంటూ కొంగుతో గబగబా తుడిచేసింది.

గుంతలోంచి నాయన నవ్వాడు. "పోనీలేవే, నా బిడ్డ ముందుగాల్నే రాసిపెట్టింది."

నాకు నవ్వు రాలేదు. పొద్దు వాలి ఆయన తల పైకి కనిపించేదాకా, వాన తుంపరకు తడుస్తున్న ఆ అంచునే కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను.

ఆ మంచునేలలో తిరిగి రానివాళ్ళ పేర్లు పెట్టిన చోట్లు కూడా ఉన్నాయని చాలా ఏళ్ళకు చదివాను. వాళ్ళ కోసం ఒడ్డున ఎవరు నిలబడి చూశారో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.