మైసమ్మ గుండు మీద ఎర్ర ఎద్దు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదని మైసమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. మా ఇంట్లోవాళ్లు నా మాటల్లో సగం తీసేసి వింటారు. మీరు మాత్రం మొత్తం వినండి.

మాది మేడ్చల్ దగ్గర రావల్కోల్. ఊరవతల ఒక రాళ్ల గుట్ట, గుట్ట మీద ముందుకు వాలిన పెద్ద రాతి గుండు, దాని నీడలో పసుపు పూసిన చిన్న రాయి. ఆ రాయే మైసమ్మ. ఆమె వెనక, గుండు మీద, ఏ కాలం వాళ్లో ఎర్రరంగుతో వేసిన బొమ్మలు ఉండేవి. ఊళ్లో వాటిని ఎవరూ పట్టించుకునేవారు కారు. చిన్నతనంలో సీతాఫలాల కోసం గుట్టెక్కిన నాటి నుంచి మా మేనత్తకు మాత్రం వాటి మీద ప్రాణం.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో నాకు జ్వరం పట్టుకుని ఎంతకూ వదల్లేదు. మందులు పనిచేయకపోయేసరికి మా పెదనాయిన మైసమ్మకు మొక్కాడు, పిల్లాడు లేచి తిరిగితే గుండంతా సున్నం వేయించి తెల్లగా మెరిపిస్తానని. నేను లేచాను. మంచం మీద పోగొట్టుకున్న పరుగంతా ఒక్కసారే పరిగెత్తాలన్నట్టు ఇల్లు పీకి పందిరేశాను. బోనాలు దగ్గరపడ్డాయి. ఒక ఉదయం పెరట్లో, గోలెంలో పోసిన సున్నం బుడబుడమని ఉడకసాగింది.

అత్త కాలు ఒకచోట నిలవలేదు. గోలెం వైపు చూస్తుంది, గుట్ట వైపు చూస్తుంది, మళ్లీ గోలెం వైపు. చివరికి "పిల్లగాండ్లకు గుట్ట జూపిచ్చుకొస్త" అని ఇంట్లో చెప్పి మా పిల్లల గుంపును వెంటేసుకుని బయల్దేరింది. పెదనాయిన కంటే ముందే గుండు దగ్గర ఉండాలి, ఎట్లాగైనా అన్నను ఆపాలి. ఇది మాకు ఊరు దాటకముందే చెప్పేసింది. ఆమె కడుపులో మాట దాగదు.

దారిలో రాకాసి గుళ్లు వచ్చాయి. పెద్ద పెద్ద రాళ్లను వలయంగా నిలిపి, మధ్యలో బండలతో గది కట్టినవి. ఒక బండకు గుండ్రటి బొక్క. వెనకటి మనుషులు చచ్చినవాళ్ల కోసం కట్టుకున్నారని పెద్దయ్యాక చదివాను. అత్త చెప్పిన చరిత్ర వేరు.

"గిండ్ల రాకాసోడుండె. పెండ్లాం గుడాలు ఉడకవెడితే గా బొక్కల ముక్కు వెట్టి వాసన జూసెటోడు. ఒకనాడు ఇరుక్కున్నది. మల్ల రాలె!"

"మరి ముక్కేదత్తా?" అన్నాను, బొక్కలోకి చెయ్యి దూరుస్తూ.

"నీకు వెట్టిన్రు గదా. గందుకే గంత పొడుగున్నది!"

నేను రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ, ఉండుండి కిందికి చూసి "పెదనాయిన వస్తుండు!" అని ఉత్తుత్తి కేకలు పెట్టాను. ప్రతి కేకకూ అత్త ముఖం పాలిపోయేది. తిట్టడానికి కూడా ఆగకుండా ఇంకా వేగంగా నడిచేది.

గుండు దగ్గర నన్ను భుజాలు పట్టి నిలబెట్టింది. నాకు ఎర్ర మరకలు తప్ప ఏమీ కనపడలేదు.

"గీడ ఏం లేదత్తా, పోదాం పా."

"ఎద్దున్నది అల్లుడా. మస్తు బెదురుగొడ్డు. నువ్వు కదిలితే కనవడదు. కాళ్లు, చేతులు, గా నోరు గూడ బంద్ వెట్టు."

పుట్టాక మొదటిసారి కదలకుండా నిలబడ్డాను. పిక్కలు గుంజాయి. మోకాలి మీద ఈగ వాలితే తోలలేదు. అప్పుడు మరకల్లోంచి మెల్లగా ఒక మూపురం లేచింది. దాని వెంట వీపు, కొమ్ములు, కాళ్లు వచ్చాయి. పొట్ట కింద వేలెడంత మనుషులు చేతులు పట్టుకుని వరుసగా ఉన్నారు. చూస్తుండగానే ఎద్దు ఒకసారి చెవి ఆడించింది. నవ్వకండి, ఒట్టేశాను కదా.

అప్పుడు నిజంగానే పెదనాయిన వచ్చాడు, సున్నం బకెట్లూ కుంచెలూ పట్టుకున్న మనుషులతో. అత్త గుండుకు అడ్డంగా నిలబడింది.

"జరుగు చెల్లె. మబ్బు వడుతాంది, జల్దీ కావాలె."

"అన్నా, గిది అమ్మ మంద. మంద మీద సున్నం వోస్తవా? గొడ్ల కండ్లు వోతయ్."

"ఎవలు జెప్పిన్రే నీకు?"

"అమ్మనే. రాత్రి కలలకొచ్చి జెప్పింది."

"మొక్కింది నేనైతే నీ కలలకెందుకొస్తది?"

వెంట వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. అత్త నన్ను చూపించి, "గీ పోరడు కదలకుంట నిలవడ్డడు. ఏం జూసిండో అడుగు" అంది. నేను నిలబడటం పెదనాయిన ఎన్నడూ చూసి ఎరుగడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి "అవునే, మూపురమున్నది" అన్నాడు. తర్వాత మైసమ్మ రాయి చుట్టూ అరుగుకు మాత్రం సున్నం వేయించి, బొమ్మల్ని ముట్టకుండా గుట్ట దిగిపోయాడు.

ఇక ఒప్పుకోవాలి. ఈ చివరి ముక్క నా కల్పన. పెదనాయిన మూపురం చూసిన మాట నిజం. కానీ దిగిపోలేదు.

"ఎద్దు మంచిగనే ఉన్నది చెల్లె. గని పోరని పానానికి మొక్కిన. మాట దప్పినంక గీనికి మల్ల జరమొస్తె నువ్వు తట్టుకుంటవా?"

అత్త నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. పక్కకు జరిగింది. మధ్యాహ్నానికి గుండంతా తెల్లబడింది.

దిగేటప్పుడు ఆమె ఏడవలేదు. "ఎద్దు ఎటు జూస్తాంది అల్లుడా?" అని అడిగింది. పడమటికి అన్నాను. కొమ్ములెట్లున్నయి, తోక యాడిదాక ఉన్నది, చివరి మనిషి చేతిల ఏమున్నది అని ఊరొచ్చేదాకా అడుగుతూనే ఉంది. తప్పు చెబితే నడక ఆపేసేది. ఆ తర్వాత కూడా, పొలంలోనో పెళ్లి పందిట్లోనో, ఎక్కడ కనపడినా ఎద్దు గురించి ఒక ప్రశ్న అడిగేది.

ఏటా సున్నం మీద సున్నం పడింది. ఇప్పుడు తూంకుంట కొత్త కాలనీల వాళ్లు సెలవు రోజుల్లో గుట్ట చూపించమంటే తీసుకెళ్తుంటాను. "ఇక్కడేం లేదు కదండీ?" అంటారు. అప్పుడు చెబుతాను. రాకాసుల్ని ఇష్టమొచ్చినంత పెంచుతాను, పెదనాయినను రోజుకో రకంగా వెనక్కి పంపుతాను. ఎద్దు విషయంలో మాత్రం ఒక్క గీత కూడా మార్చను. దాన్ని చూసినవాళ్లలో ఇంకా చెబుతున్నది నేనొక్కణ్నే. అది పడమటికే చూస్తోంది, దాని ఎడమ కొమ్ము కొంచెం వంగి ఉంది.