విజిల్ తర్వాతి పట్టు

మా అన్న తమిళ నేలమీద సింగానల్లూరులో ఒక నూలు మిల్లులో పని చేసేవాడు. పనికంటే కబడ్డీకే అతనికి పేరు. కూతకు వచ్చినవాడి నడుము అన్న చేతికి చిక్కితే ఇంక కదలలేడనేవాళ్ళు. ఆ పట్టు చూసే మిల్లులో చేర్చుకున్నారని మా నాయన కనిపించినవాళ్ళకంతా చెప్పుకొనేవాడు.

ఆ ఏడు మిల్లు జట్టుకు ఆఖరి ఆట పోదనూరు రైల్వే కాలనీ జట్టుతో పడింది. వాళ్ళ జట్టులో బాగా కూత పెట్టే అబ్బాయి ఒకడుండేవాడు. మన తెలుగోళ్ళ బిడ్డే, తల్లికి ఒక్కడే కొడుకు. ఆట ముగియబోతుండగా అతని కాలు పక్క గీత దాటింది. విజిల్ మోగింది. అవుటయినానని అతను కూత ఆపి, ఒళ్ళు వదులు చేసి నిలబడినాడు. అప్పుడే అన్న వెనకనుంచి నడుము పట్టి, ఎత్తి పడేసినాడు. విజిల్ వినకుండా ఉంటే అతను ఒళ్ళు బిగబట్టి ఉండేవాడే, మెడ కాచుకొని ఉండేవాడే. తల కిందుగా పడినాడు. మళ్ళీ లేవలేదు.

మెడ కింద ఇంక స్వాధీనం రాదని పెద్దాసుపత్రిలో చెప్పేసినారు. పోలీసులు అన్నమీద కేసు రాసుకున్నారు. అంతకు ముందే ఆట సంఘంవాళ్ళు పిలిపించి ఒకే మాట అడిగినారు: విజిల్ విన్నావా?

"విన్నాను," అన్నాడు అన్న.

బతికినన్నాళ్ళూ ఆడకూడదని తీర్పు చెప్పినారు. ఇంటికొచ్చినాక నాయన తలపట్టుకొని కూర్చున్నాడు. "వినలేదని ఉంటే ఒక ఏడుతో పోయేది కదరా. కోర్టులోనైనా అట్లా చెప్పు."

కోర్టుకు నాయనతోబాటు నేనూ పోయినాను. ఆ రోజు ఆ అబ్బాయిని కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తుండు కట్టి, ఇద్దరు మోసుకొచ్చినారు. పక్కన వాళ్ళమ్మ. రాజీకి ఒప్పుకుంటున్నామని వాళ్ళ వకీలు లేచి చెప్పేదాకా మాకెవరికీ తెలీదు. ఎవరైనా బలవంతం చేసినారా అని జడ్జి తమిళంలో అడిగినారు. లేదు అయ్యా, మన్నిస్తున్నాను అని అతనూ తమిళంలోనే చెప్పినాడు. అన్నను విడిచిపెట్టేసినారు. విజిల్ సంగతి అక్కడ ఎవరూ అడగనే లేదు.

బయట వేపచెట్టు కింద కుర్చీ దించినారు. అన్న పోయి అతని కాళ్ళు పట్టుకున్నాడు.

"వదులు," అన్నాడు అతను తెలుగులో. "నువ్వు పట్టుకున్నా నాకు తెలీదు."

అన్న చేతులు తీసేసినాడు.

"మా అమ్మ చెప్పింది కాబట్టి అక్కడ మన్నించినాను. నేనింకా మన్నించలేదు."

మరుసటి ఆదివారం అన్న టౌన్ బస్సెక్కి పోదనూరు పోయినాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదంట. తిన్నెమీద కూర్చొని వచ్చేసినాడు. అట్లా ఎన్ని వారాలో. కడాకు ఒకనాడు ఆ తల్లే పిలిచింది, కొడుకును పక్కకు తిప్పడానికి ఒక చెయ్యి పట్టమని. అప్పటినుంచి ఆదివారాల్లో అతనికి నీళ్ళు పోయడం, వీపుకు పౌడరు అద్దడం, గడ్డం గీయడం మా అన్న పనే. అప్పుడప్పుడు నేనూ కూడా పోయేదాన్ని. ఆ తల్లి నన్ను వంటింట్లో కూర్చోబెట్టుకొని మురుకులు పెట్టేది. అతను పడుకున్న గదిలో చాన్నాళ్ళు మాటలే వినపడలేదు.

ఒక ఆదివారం అన్న గడ్డం గీస్తుంటే అతను అడిగినాడు. నేను ఆ గది వాకిట్లోనే ఉన్నాను.

"విజిల్ విన్నావా?"

"విన్నాను."

"మరి ఎందుకు వదల్లేదు?"

అన్న కత్తి పక్కన పెట్టినాడు. "నడుము చేతికి దొరికినాక వదలబుద్ధి కాలేదు."

అతను ఇంటికప్పు చూస్తూ పడుకొని ఉన్నాడు. "నేనైనా వదిలి ఉండను," అన్నాడు. తర్వాత, "ఈ పక్క సరిగ్గా గీయలేదు, చూడు," అన్నాడు.

ఆ రోజు బస్సులో అన్న కిటికీ వైపు తిరిగి ఏడ్చినాడు. నేను చూడనట్టే కూర్చున్నాను.

వానలకాలంలో అతనికి వీపు పుళ్ళు చీము పట్టి, జ్వరం తగ్గలేదు. పోయినాడు. అన్న పాడె మోసినాడు. కాలనీలో ఎవరూ వద్దనలేదు.

అతని కర్మలైన కొన్నాళ్ళకు ఆట సంఘంనుంచి ఇద్దరు మా ఇంటికొచ్చినారు. శిక్ష ఎత్తేసినామన్నారు. చనిపోకముందు అతనే తన జట్టువాళ్ళను పంపి అడిగించినాడంట, ఇంక ఆడనివ్వండని. నాయన వాళ్ళకు కాఫీ ఇప్పించి, అన్న ముఖం చూసినాడు. "నేను ఆడను నాయనా," అన్నాడు అన్న. వాళ్ళు కాఫీ తాగి పోయినారు.

ఆ ఆదివారం అన్న మామూలుగా పోదనూరు పోయినాడు, నేనూ పోయినాను. ఆ తల్లి అన్నం పెట్టింది. అన్న తిని చేయి కడుక్కున్నాక వచ్చి పక్కనే కూర్చొనింది.

"సామీ, నీమీద నాకు కోపం లేదు. కానీ నువ్వు గడపలోకి వస్తే, గదిలో వాడున్నట్టే ఉండాది. తిరిగి చూస్తే మంచం ఖాళీ. నావల్ల కావడంలేదు. ఇంక రావద్దు."

"సరేమ్మా," అన్నాడు అన్న.

తర్వాతి ఆదివారం అన్న పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని బస్టాండు దాకా పోయి, తిరిగొచ్చి చొక్కా విప్పి తగిలించినాడు. మా అమ్మ ఆకు వేసి అన్నం వడ్డించింది.