గుంటూరులో ఒక్కసారీ ఆగని లాప్‌టాప్

కరోనా రావడానికి ముందటి ఏడాది, మిర్చి సీజను మొదట్లో, చిలకలూరిపేట రోడ్డులోని మా కోల్డ్ స్టోరేజీ నుంచి ఒక లాప్‌టాప్ మీద ఫిర్యాదు వచ్చింది. అప్పుడు నేను గుంటూరు హెడ్డాఫీసులో సిస్టమ్స్ ఆఫీసర్ని. జనరల్ మేనేజరుగారికి నేరుగా జవాబు చెప్పుకోవలసిన ఉద్యోగం. నాతో సమానమైన హోదాలో హార్డ్‌వేర్ పని చూసే మస్తాన్ వలీ ఉండేవాడు. మా సంస్థకున్న నాలుగు కోల్డ్ స్టోరేజీల్లోని కంప్యూటర్లన్నీ మా ఇద్దరి బాధ్యతే.

నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. సంస్థలో టైపిస్టుగా చేరాను. కంప్యూటరు విద్య మొత్తం ఊళ్లోని ప్రభుత్వ శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. అక్కడ ఒక బీరువా నిండా కంప్యూటరు పుస్తకాలు ఉండేవి. వాటి వెనక అట్టకు అంటించిన తేదీల చీటీలు చాలావరకు ఖాళీగా ఉండేవి. కొన్నిటి మీద మొదటి ముద్ర నా పేరు మీద పడిందే. ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

లాప్‌టాప్ రమీజా చేతిలో ఉండేది. ఆవిడ అక్కడ గేటు దగ్గర టోకెన్లు రాస్తూ, సొంతంగా కంప్యూటరు నేర్చుకుని స్టాక్ సూపర్‌వైజర్ అయింది. మా సంస్థలో ఆ పని ఒక మహిళకు ఇవ్వడం అదే మొదలు. అదీ ఖాయంగా కాదు. ఈ సీజను చూసి నిర్ణయిస్తామని జనరల్ మేనేజరుగారు అన్నారు. ఆవిడకు ముందు ఆ పని చేసిన ఆంజనేయులును తూకం దగ్గరకు మార్చారు. ఆయన దగ్గర ఉన్నంతకాలం అదే లాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆగలేదు. రమీజాకు ఇచ్చిన వారం నుంచి ఆగడం మొదలైంది.

స్టాక్ సూపర్‌వైజర్ పని చల్లగదుల్లో ఉన్న టిక్కీలు లెక్కపెట్టడం. మిర్చి బస్తాను మా వైపు టిక్కీ అంటారు. రైతు పేరు, రకం, ఏ గదిలో ఏ వరసలో ఉన్నదీ సరిచూసి కంప్యూటర్లో నింపాలి. గదుల గోడల నిండా చలి బయటకు పోకుండా మందపాటి పలకలు ఉంటాయి కాబట్టి లోపల సిగ్నలు అందదు. లోపల నింపుకుని, బయటకు వచ్చి ఇంటర్నెట్ కలిపి హెడ్డాఫీసుకు పంపాలి. సరిగ్గా ఆ పంపే వేళకే తెర బిగుసుకుపోయేది. లెక్క పోయేది. ఆవిడ శాలువా కప్పుకుని మళ్లీ లోపలికి వెళ్లి మొదటి వరస నుంచి లెక్కపెట్టేది.

ఫోనులో మేము అడిగే ప్రశ్నలు కొన్నే ఉండేవి. తెర మీద ఏం కనిపిస్తోంది, ఏ ప్రోగ్రాం తెరిచి ఉంది, ఏమైనా సందేశం వచ్చిందా అని. ఒక పరీక్ష కూడా నేర్పాను. క్యాప్స్ లాక్ మీట నొక్కి, దాని పక్కనున్న చిన్న దీపం వెలుగుతుందో లేదో చూడమన్నాను. వెలిగితే ఏదో ఒక ప్రోగ్రాం ఆగిందని అర్థం. వెలగకపోతే మొత్తం యంత్రమే ఆగిందని అర్థం.

"వెలగలేదండీ. మూడు సార్లు నొక్కా. రాయిలాగ ఉంది సార్" అంది రమీజా.

లాప్‌టాప్ తెప్పించాం. వలీ దాన్ని విప్పి ఫ్యానులోకి గాలి కొట్టాడు. లోపల పేరుకున్న మిరప ఘాటుకు ఆ మధ్యాహ్నం అకౌంట్స్ సెక్షన్ అంతా తుమ్ములే. "మీ ఇద్దరికీ జీతాలు మేమే రాయాలి, గుర్తుంచుకోండి" అని హెడ్ క్లర్కు కిటికీలోంచి అరిచాడు. వలీ మెమొరీ, డిస్కు, బ్యాటరీ అన్నీ పరీక్షించాడు. వేడి కొలిచాడు. ఏ లోపమూ దొరకలేదు. వారం పాటు ఆపకుండా నడిపితే ఒక్కసారీ ఆగలేదు. వెనక్కి పంపాక రెండో రోజే ఆగింది.

అక్కడ మొదలైంది మా వాదం. కంప్యూటరులోని భాగాలన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాంను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. వాటిలో విండోస్ మా ఆఫీసుల్లో అందరికీ అలవాటైనది. లైనక్స్ ఉచితంగా దొరికేది, నేను పుస్తకాల్లో చదివి ఇంట్లో వాడుకునేది. దీపం కూడా వెలగలేదంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిగుండెలోనే తేడా ఉందనీ, విండోస్ తీసేసి లైనక్స్ వేద్దామనీ నా వాదన. తాజా అప్‌డేటుకూ ఆ మోడలుకూ పడలేదనీ, పాత విండోస్ మళ్లీ వేస్తే సరిపోతుందనీ వలీ వాదన.

"ఏమయ్యా ప్రసాదూ, లైబ్రరీలో పుస్తకం ఇచ్చారని ఆఫీసు మిషన్లన్నిటికీ మతం మార్పిస్తావా?" అనేవాడు.

"నువ్వు పుస్తకం ముట్టవు కాబట్టే నెలకోసారి ఫార్మాట్ కొడుతున్నావు" అనేవాణ్ని నేను.

క్యాంటీన్లో టీ తాగుతూ రోజూ ఇదే గొడవ. నిజం చెప్పాలంటే అది మా ఇద్దరికీ సరదాగానే ఉండేది. గెలవాలని గ్రంథాలయానికి వెళ్లి, ఆపరేటింగ్ సిస్టమ్‌ల స్థిరత్వం మీద ఉన్న అధ్యాయాలన్నీ మళ్లీ చదివాను. ఆ రోజుల్లో రమీజా రెండు సార్లు ఫోను చేసింది. యంత్రం సంగతి తేలిందా అని అడిగింది. తేలుతుందమ్మా అన్నాను.

ముందు వలీ మాట ప్రకారం పాత విండోస్ వేశాం. ఆగింది. తర్వాత నా వంతు. మా స్టాక్ ప్రోగ్రాం బ్రౌజరులో నడిచేది కాబట్టి లైనక్స్‌లోనూ ఇబ్బంది లేదు. రమీజాను గుంటూరు పిలిపించి కొత్త తెర నేర్పాను. ఒక్క పూటలో పట్టుకుంది.

"ఇదైనా ఆగదు కదండీ? గేటు దగ్గర వాళ్లు నన్ను చూసి, అదుగో హ్యాంగ్ మేడమ్ వస్తోంది అంటున్నారు సార్" అంది.

"ఆగదమ్మా. పూచీ నాది" అన్నాను.

ఆ వారమే ఆగింది. ఫోను పెట్టగానే వలీ నవ్వాడు. తర్వాత ఇద్దరం నవ్వుకోలేదు.

సమస్య వెతకడంలో మా పద్ధతి ఒక్కొక్క కారణాన్నీ తీసేసుకుంటూ పోవడం. యంత్రంలో లోపం లేదని వలీ రిపోర్టు ఇచ్చాడు. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ ఒకే విధంగా ఆగుతోంది కాబట్టి లోపం వాటిలో లేదని నేను ఇచ్చాను. రెండూ నిజాలే. జనరల్ మేనేజరుగారు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివారు.

"మీరు రాసిందే కదయ్యా. మిషను బాగుంది, సిస్టమ్ బాగుంది. గుంటూరులో బాగుంటుంది, ఆంజనేయులు దగ్గర బాగుంది. ఇంకేం మిగిలింది?" అన్నారు.

ఇంకొన్నాళ్లు చూద్దామండీ అని వలీ అన్నాడు. నేనూ అన్నాను. మిర్చి తాకట్టు మీద అప్పులిచ్చిన బ్యాంకువాళ్లు స్టాకు తనిఖీకి వచ్చే వేళ అనీ, సీజను మధ్యలో ప్రయోగాలు కుదరవనీ ఆయన తేల్చేశారు. రమీజాను తిరిగి గేటుకు మార్చారు. ఆంజనేయులు లాప్‌టాప్ తీసుకున్నాడు. ఆగడం ఆగిపోయింది.

వానలు మొదలయ్యాక చల్లగదుల్లో ఉష్ణోగ్రత చూపే కొత్త మీటర్లు బిగించే పని పడింది. వాటిని సరిచూడడానికి వలీ, నేను ఆ స్టోరేజీకి వెళ్లాం. అన్నేళ్ల ఉద్యోగంలో చల్లగది లోపలికి నేను అడుగు పెట్టడం అదే మొదటిసారి. మా పని ఎప్పుడూ ఆఫీసు గదిలో బల్ల దగ్గరే అయిపోయేది. అవసరమవుతుందని ఆంజనేయులు బల్ల మీది లాప్‌టాప్ చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాను. పని ముగించుకుని బయటకు రాగానే నా కళ్లజోడు తెల్లగా మూసుకుపోయింది. ఏమీ కనిపించలేదు. జోడు తీసి చొక్కాకు తుడుచుకుని చూస్తే లాప్‌టాప్ మూత కూడా తడిసి ఉంది. వేలితో గీస్తే గీత పడింది.

వలీ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, మూత తెరిచి వెలుతురుకు వంచాడు. మీటల సందుల్లో నీరు మెరుస్తోంది.

బయట ఉక్కపోతగా ఉన్నప్పుడు చల్లటి వస్తువును తెస్తే గాలిలోని తేమ దాని మీద నీరుగా మారుతుంది. ఏడో తరగతి పిల్లలకు తెలిసిన సంగతి. ఆ నీరు లోపలి తీగల మధ్య చేరితే యంత్రం ఆగుతుంది. ఆరిపోయాక ఏ ఆనవాలూ మిగలదు. గుంటూరు చేరేసరికి పొడిగా, బుద్ధిమంతుడిలా ఉండేది.

"టిక్కీ బయటికి తీస్తే చెమట ఆరేదాకా పక్క గదిలో ఉంచి గానీ కుట్టు విప్పరు వీళ్లు. మిషన్ని మాత్రం తెచ్చీ తేగానే నొక్కించాం ఆవిడ చేత" అన్నాడు వలీ.

అనుమానం తీర్చుకోవడానికి లాప్‌టాప్ ఆరనిచ్చి, మళ్లీ లోపల కాసేపు ఉంచి, బయటకు తెచ్చి నడిపాం. ఆగింది. మరో రోజు ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి తెచ్చి, పక్క గదిలో వెచ్చబడేదాకా ఉంచి నడిపాం. ఆగలేదు.

అయితే ఆంజనేయులు దగ్గర ఎందుకు ఆగలేదన్నది మిగిలింది. ఆయన్నే అడిగాను. "నేను లోపలికెళ్లనండీ, నాకు చలి పడదు. గుమ్మంలోంచి హమాలీలను అడిగి రాసుకుంటా. పాతికేళ్ల అనుభవం కదా" అన్నాడు. దాచుకోవాలన్న ఆలోచన కూడా లేదు ఆయనకు. ఆ పోస్టులో లాప్‌టాప్ పట్టుకుని గదిలోకి వెళ్లి ప్రతి వరసనూ కళ్లతో చూసి లెక్కపెట్టిన మొదటి మనిషి రమీజా. పని చెప్పినట్టు చేసింది కాబట్టి యంత్రం ఆగింది.

రిపోర్టు రాసి, రమీజాను తిరిగి ఆ పోస్టులో వేయాలని కింద చేర్చి, ఇద్దరం సంతకాలు చేసి ఇచ్చాం. జనరల్ మేనేజరుగారు చదివి, "మంచి పని చేశారు. ఇప్పుడు నడుస్తోందిగా, కదపడం ఎందుకు?" అన్నారు. అప్పటికే రమీజా రాజీనామా ఇచ్చి వెళ్లిపోయిందని కూడా ఆయనే చెప్పారు.

నంబరు సంపాదించి ఫోను చేశాను. మార్టూరులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో చేరిందట. వెనకాల రాయి కోసే చప్పుడు. కారణం మొత్తం చెప్పాను.

"అయితే నేను లోపలికి వెళ్లకపోతే సరిపోయేదాండీ?" అంది.

"కాదమ్మా. బయటకొచ్చాక కాసేపు ఆగి మొదలుపెడితే సరిపోయేది."

"ఎవరైనా చెప్పుంటే ఆగేదాన్ని కదండీ" అంది. మళ్లీ వస్తావా, ఇంకోసారి అడిగి చూస్తాను అంటే, వద్దు సార్, ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు అని చెప్పి, లోడు వచ్చిందని పెట్టేసింది.

నేను రిటైరయ్యేదాకా ఆ స్టోరేజీ నుంచి లాప్‌టాప్ మీద మరో ఫిర్యాదు రాలేదు. ఏడాది చివర నేను తయారుచేసే పట్టికలో అది మా సంస్థలోకెల్లా స్థిరమైన యంత్రంగా నమోదయింది. ఆ వరస నా చేత్తోనే టైపు చేశాను. ఆ తర్వాత మాత్రం ఫిర్యాదు లేనంత మాత్రాన ఏ యంత్రాన్నీ బాగుందని రాయలేదు. ముందు అక్కడికి వెళ్లి, దానితో ఎవరైనా పని చేస్తున్నారా లేదా అన్నది చూసేవాణ్ని.