శిథిల నగరంలో మా కాపురం

బస్తర్ రాజ్యం రోజుల్లో నేను కోడలిగా అడుగుపెట్టిన ఇంటికి మూడు తడికల గోడలు మా మామ కట్టాడు. నాలుగోది ఎవరో రాజు కట్టించాడు. అడవిలో ఎప్పుడో కూలిపోయిన పాత నగరం అది. మిగిలిన రాతిగోడకు ఇల్లు ఆనిస్తే ఒకవైపు చాకిరీ తప్పుతుందని మామ ఆలోచన.

ఒకనాడు ఊరి కావలి కోట్వారు వచ్చి, జగదల్‌పూర్ నుంచి అధికారి ఫోటో పెట్టెతో వస్తున్నాడని చెప్పాడు. అధికారి వస్తున్నాడంటే ఊరంతా అలికి ముగ్గులు పెట్టాలి, అది మా వాడుక. మా అత్త ఇంటితో ఆగలేదు. ఆ పాత గోడ పొడవునా ఎర్రమట్టి పూసి, చెక్కిన బొమ్మలకు సున్నం బొట్లు పెట్టింది. నేనూ చేతులు నొప్పి పుట్టేదాకా పూశాను. ఎన్ని తరాలకో ఆ నగరానికి మళ్లీ కళ వచ్చింది.

అధికారి చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఆయన హిందీలో అరిస్తే కోట్వారు తెలుగులో అరిచాడు.

"పాడుబడ్డది పాడుబడ్డట్టే ఉండాల్నంట! కడుగుండ్రి!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ కడిగాం. అప్పుడు మా ఇల్లు ఆయన కంటపడింది. శిథిలాల ముందు గడ్డికప్పు అందంగా లేదట.

"ఇల్లు తీయుండ్రి. ఫోటో అయినంక మళ్ల ఏసుకోవచ్చంటున్నడు సాబ్."

"వానొస్తే మా గతేంది?" అంది అత్త.

"ఒక్క పూటనే గదక్కా!"

ఇల్లు పీకి పందిరేయడమంటే మాటవరసకు అంటారనుకునేదాన్ని. ఆ రోజు నిజంగానే మా ఇల్లు పీకి, ఇప్పచెట్టు కింద పందిరేసుకున్నాం. వాసాలు విరగకూడదని కప్పు మామే విప్పాడు. అధికారి నల్లగుడ్డలో తల దూర్చి, మమ్మల్ని పెట్టె వెనక నిలబడమన్నాడు. మనుషులు పడితే పురాతనత్వం పోతుందట.

ఇప్పపూలు ఏరే పని తీరాక, వానలకు ముందు మామ వాసాలు మోసుకెళ్లి గోడకు ఆనించాడు. అదే అధికారి కోట్వారుతో వచ్చి ఆపాడు. ఇకనుంచి ఆ చోటును రాజ్యం కాపాడుతుందట. ఫోటోలో ఉన్నట్టే ఉంచాలట, కొత్తగా ఎవరూ ఏమీ కట్టకూడదట.

"కొత్తగా ఏంది? మా ఇల్లే గదా!" అన్నాడు మామ.

అధికారి సంచిలోంచి ఆనాటి ఫోటో తీసి మామ చేతిలో పెట్టాడు. అబద్ధమెందుకు, బాగా వచ్చింది. మనిషి జాడే లేదు.

"ఈ ఫోటోల నీ ఇల్లు యాడున్నదో చూపియ్యమంటున్నడు," అన్నాడు కోట్వారు.

మామ ఫోటోను చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని తిరగేసి, వెనకనున్న ఉత్త అట్ట మీద వేలు పెట్టాడు.

"ఈడ, సాబ్. మేం పెట్టె ఎనక ఉంటిమి గదా."

ఆ ఒక్క మాటను కోట్వారు హిందీలో చెప్పలేదు.