టీచరమ్మ మొగుడు

మా వీధిలో ఏ ఇంట్లో మొగుడూ పెళ్లాం గొడవపడినా నా పేరే ఎత్తుతారు. "ఆయప్పను చూసి నేర్చుకో, పెండ్లాన్ని ఎట్ల చూసుకున్న్యాడో" అంటారు. విని తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. కాదు. ఏడేళ్లుగా ఆ మెప్పు నా గుండెల మీద బండలా కూర్చుంది. మాకు పిల్లలు లేరు. ఉన్నా వాళ్లకు చెప్పగలిగేవాణ్ణో కాదో. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నాది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాను. మగ్గం ఇంట్లోనే, ముందు గదిలో. నా భార్య పద్మావతి పెనుకొండ దగ్గర ఒక బడిలో టీచరు. పొద్దున్నే రైలెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకు వచ్చేది. వచ్చాక కూడా వచ్చినట్టు ఉండేది కాదు. నోటుపుస్తకాల కట్ట, పిల్లల కబుర్లు, ఫోన్లు. ఎవరో పాప బడి మానేసిందని, వాళ్లమ్మతో మాట్లాడాలని ఆదివారాలు కూడా వెళ్లేది. పగలంతా మగ్గం చప్పుడు వింటూ నేనొక్కణ్ణే. నన్ను టీచరమ్మ మొగుడు అనేవాళ్లు. నాకు కోపం ఉండేదా? లేదనే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట మీద నాకే నమ్మకం లేదు.

ఒకరోజు బోర్డు మీద రాస్తుంటే ఆమె చేతిలోంచి సుద్దముక్క జారిందట. వెంటనే ఆమె కూడా కూలిపోయింది. తోటి టీచర్లు హిందూపురం ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను వెళ్లేసరికి మూతి ఒక పక్కకు వంకరపోయి, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి ఉన్నాయి. పక్షవాతం. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు నిజం. దాన్ని మాత్రం అనుమానించకండి.

ఇంటికి తెచ్చాక మంచం మగ్గానికి ఎదురుగా వేశాను. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ మేడమ్ వచ్చేది. కాలు మడిచి చాపించేది. గోడ పట్టించి నిలబెట్టేది. పళ్లెంలో వేరుశనగ కాయలు పోసి ఒక్కొక్కటీ కుడిచేతి వేళ్లతోనే గిన్నెలోకి ఏరించేది. ఒక్క కాయ తీసేసరికి పద్మకు నుదురంతా చెమట పట్టేది. చూడలేక నేనే తీసి వేయబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు తీస్తే నీ వేళ్లకు కసరత్తయితాది అన్నా. అక్కతోనే తీయించు. అన్నం కూడా ఆమెనే తిననీ. చల్లుకుంటే చల్లుకోనీ."

మొదట్లో అలాగే చేశాను. మూడు నెలలకు వాకర్ పట్టుకుని వాకిలి దాకా రాగలిగింది. మాట కూడా, నెమ్మదిగానైనా, తెలిసేలా వచ్చింది. సరిగ్గా అప్పుడే నా తప్పు మొదలైంది.

ఎందుకు? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. ఆ మూడు నెలలూ నేను సుఖంగా ఉన్నాను. అన్నిటికంటే ముందు ఒప్పుకోవాల్సింది అదే. నేస్తూ తలెత్తితే ఆమె కనిపించేది. నేను పెడితే తినేది. నేను దువ్వితే జడ. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె నా కోసం ఎదురుచూడటం అప్పుడే చూశాను. వాకర్ పట్టుకుని వాకిలి వైపు అడుగులేస్తుంటే మళ్లీ ఆ రైలు దగ్గరికే పోతున్నట్టు ఉండేది నాకు.

ఒక మధ్యాహ్నం జరీ కోసం బజారుకు పోయి వచ్చేసరికి ఆమె వంటింట్లో ఉంది. ఒక్కతే నడిచి వెళ్లింది. గట్టు పట్టుకుని నిలబడి, నన్ను చూసి ఆ వంకర మూతితోనే నవ్వింది. నేను సంతోషపడాల్సింది. పడితే ఎవరు దిక్కని అరిచాను. ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాను. ఆమె నిద్రపోయాక వాకర్‌ను అటక మీద, పాత మగ్గం చెక్కల వెనక దాచాను. మేడమ్‌కు ఫోన్ చేసి, ఆమె కసరత్తులు వద్దంటోంది, ఇక రావొద్దన్నాను.

లేచాక అడిగింది.

"నా వాకరు యాడ?"

"ఇరిగింది. రిపేరుకిచ్చినా."

"ఎప్పుడిస్తారంట?"

"ఇస్తార్లే. నేనుండా గదా. ఇప్పుడు నడిచి యాడికి పోవాల నువ్వు?"

జవాబు కోసం ఆమె చాలాసేపు మాట కూడగట్టుకుంది.

"బడికి."

 అన్నం కలుపుకొచ్చి ముద్ద నోటి దగ్గర పెట్టాను. కాసేపు నన్నే చూసింది. తర్వాత నోరు తెరిచింది.

ఇంకో రెండుసార్లు అడిగి మానేసింది. తెలిసిపోయిందా? అటక వైపు ఎప్పుడూ చూడలేదు. కాలు బిగుసుకుంది. వేళ్లు ముడుచుకుపోయి ఇక తెరుచుకోలేదు. కొన్ని నెలలకు ఆసుపత్రికి తీసుకెళ్తే, కసరత్తు ఎందుకు ఆపారని డాక్టరు అడిగాడు. ఆమె చేయనంటోందని చెప్పాను, ఆమె ఎదుటే. కాదనడానికి ఆమెకు మాట వచ్చు. అయినా అనలేదు. ఆ మౌనం నా మీద దయా, అసహ్యమా, అలుపా?

ఉద్యోగం వదులుకునే కాగితాలు వచ్చినప్పుడు ఎడమచేత్తో సంతకం పెడతానని పెన్ను అడిగింది. ఎందుకు కష్టమని, ఆ ఎడమ బొటనవేలికే సిరా పూసి నేనే అద్దాను. ఎందరితోనో అక్షరాలు దిద్దించిన మనిషి చేత వేలిముద్ర వేయించాను.

ఆరేళ్లు మంచంలోనే ఉంది. పోయిన ఏడాది పక్షవాతం మళ్లీ వచ్చింది. ఈసారి మిగల్లేదు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. వాళ్లలో ఒకామె, తనూ ఇప్పుడు టీచరేనట, మా టీచరమ్మను బిడ్డలా సాకినావు సామీ అని నా కాళ్లకు మొక్కింది. నేను ఆపలేదు. మొక్కనిచ్చాను.

అది ప్రేమే అని చెప్పుకుంటూ ఇన్నాళ్లు నెట్టుకొచ్చాను. ప్రేమే అయితే అబద్ధం ఎందుకు కావాల్సి వచ్చింది? కసరత్తు ఆపకపోతే ఆమె నిజంగా మళ్లీ బడికి వెళ్లేదా? తెలియదు. వెళ్లలేకపోయేదేమో. ఆ 'ఏమో' ఆమెది. దాన్ని కూడా నేనే లాక్కున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు, ఎవరి చేతిలో ఉండిందో ఆ మనిషి లేదు. ఒక్క మాట మాత్రం ఇంతవరకు ఎవరి ముందూ పైకి అనలేదు. నా భార్య నడవడం మొదలుపెట్టింది. నేను ఆపాను.

అన్నాను.